ఒకే స్టార్చ్‌కు రెండు అమైలోజ్ అంకెలు ఎందుకు వస్తాయి? అసలు ఆ అణువు బొమ్మ ఎలా గీశారు?

స్టార్చ్‌లో రెండు రకాల అణువులుంటాయి: కొమ్మలు చాలా తక్కువున్న అమైలోజ్, నిండా కొమ్మలున్న అమైలోపెక్టిన్. వీటి గురించి మీరు అడిగినవి రెండు. ఒకే బియ్యపు స్టార్చ్‌లో అయోడిన్ పద్ధతి 27 శాతం అమైలోజ్ చూపింది, కాంకనావలిన్ అనే ప్రోటీన్ వాడే పద్ధతి 20 శాతమే చూపింది. వీటిలో ఏది తప్పు? రెండోది, కొమ్మలూ రెమ్మలతో పుస్తకాల్లో కనిపించే అమైలోపెక్టిన్ బొమ్మను, అణువు కంటికి కనబడకుండానే ఎలా గీయగలిగారు? ఈ రెండు ప్రశ్నల మూలం ఒక్కటే. స్టార్చ్‌ను కొలిచే పద్ధతుల్లో ఏదీ అణువు మొత్తాన్ని నేరుగా చూడదు. ఒకటి రంగు చూస్తుంది, ఒకటి గొలుసుల కొనల్ని పట్టుకుంటుంది, ఇంకొకటి అణువును ముక్కలు చేసి ఆ ముక్కల్ని లెక్కపెడుతుంది. మీ 27, మీ 20 రెండూ సరైనవే అయ్యుండొచ్చు. అవి కొలిచింది ఒకే వస్తువును కాదు.

ముందు అణువు సంగతి. స్టార్చ్ అంతా గ్లూకోజే. ఒక గ్లూకోజు ఒకటో కార్బన్ పక్క గ్లూకోజు నాలుగో కార్బన్‌తో కలిస్తే ఆల్ఫా-1,4 బంధం, గొలుసు పొడవుగా సాగుతుంది. ఆరో కార్బన్‌తో కలిస్తే ఆల్ఫా-1,6 బంధం, అక్కడ కొమ్మ పుడుతుంది. అమైలోజ్‌లో కొమ్మలు చాలా తక్కువ. ఒక్కో అణువులో కొన్ని వందల నుంచి కొన్ని వేల గ్లూకోజులు ఉంటాయి. అమైలోపెక్టిన్‌లో దాదాపు 5 శాతం బంధాలు 1,6 రకం. ఆ 5 శాతం చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడండి. 10 కోట్ల డాల్టన్ల బరువున్న అమైలోపెక్టిన్ అణువు తీసుకుంటే, ఒక్కో గ్లూకోజు 162 చొప్పున అందులో 6 లక్షల పైచిలుకు గ్లూకోజులు. అంటే 30 వేల దాకా కొమ్మలు. సగటున ఒక్కో గొలుసుకు 20 గ్లూకోజులు. ఇంత పెద్ద అణువులో ప్రతి కొమ్మా ఎక్కడుందో చెప్పగల పరికరం లేదు. చెప్పగలిగేదల్లా గణాంకాలే: ఏ పొడవు గొలుసులు ఎన్ని, కొమ్మలు దగ్గరదగ్గరగా ఉన్నాయా దూరదూరంగానా, వగైరా.

బొమ్మ పుట్టింది ఇలాంటి గణాంకాల నుంచే. తొలి ఆధారం మిథైలేషన్. అణువులో ఖాళీగా ఉన్న ప్రతి హైడ్రాక్సిల్‌కూ మిథైల్ తగిలించి, ఆ తర్వాత ఆమ్లంతో గ్లూకోజులుగా విడగొడతారు. గొలుసు చివర ఉన్న గ్లూకోజుకు నాలుగు మిథైళ్లు, మధ్యలో ఉన్నదానికి మూడు, కొమ్మ పుట్టిన చోట ఉన్నదానికి రెండే వస్తాయి. వీటి నిష్పత్తి నుంచి ప్రతి 20–25 గ్లూకోజులకు ఒక కొన ఉందని తేలింది. అయితే ఆ కొనలు ఏ అమరికలో ఉన్నాయో ఈ లెక్క చెప్పలేదు. అందుకే ఒకే అంకెకు మూడు బొమ్మలు వచ్చాయి. 1937లో హావర్త్ ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయే పొరల బొమ్మ గీశాడు. అదే ఏడాది స్టాడింగర్, హ్యూజ్‌మన్ మధ్యలో ఒకే వెన్నెముక, దానికి దువ్వెన పళ్లలా గొలుసులు ఉన్న బొమ్మ ఇచ్చారు. 1940లో మేయర్, బెర్న్‌ఫెల్డ్ కొమ్మ మీద కొమ్మ వేసే పొద బొమ్మ ఇచ్చారు. మూడూ మిథైలేషన్ లెక్కకు సరిపోతాయి!

మూడింటినీ విడదీసిన ఉపాయం చాలా చక్కనిది, ఇప్పటికీ వాడుతున్నదే. తన మీద మరే కొమ్మా లేని గొలుసును ఏ-గొలుసు అంటారు; తన మీద ఇంకో గొలుసును మోసేది బీ-గొలుసు; అణువు మొత్తానికి ఒకే ఒక్క రెడ్యూసింగ్ కొన (ఒకటో కార్బన్ ఖాళీగా మిగిలిన చివర) ఉన్నది సీ-గొలుసు. హావర్త్ బొమ్మ నిజమైతే ఏ-గొలుసు ఒక్కటే ఉండాలి. దువ్వెన నిజమైతే వెన్నెముక తప్ప అన్నీ ఏ-గొలుసులే కావాలి. పొద నిజమైతే రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఇప్పుడు బీటా-అమైలేజ్ వేయండి. ఈ ఎంజైము బయటి కొన నుంచి రెండేసి గ్లూకోజులు కత్తిరించుకుంటూ వచ్చి కొమ్మ దగ్గర ఆగిపోతుంది. అప్పటికి ఏ-గొలుసులన్నీ 2 లేదా 3 గ్లూకోజుల మొండాలుగా మిగులుతాయి. ఆ తర్వాత కొమ్మ బంధాలు కోసే ఎంజైము వేస్తే మొండాలు మాల్టోజ్, మాల్టోట్రయోజ్‌గా విడిపోతాయి. వాటిని లెక్కపెడితే ఏ-గొలుసుల సంఖ్య చేతికొచ్చినట్టే. 1952లో పీట్, వెలన్, థామస్ వాక్సీ (అమైలోజ్ దాదాపు లేని) మొక్కజొన్న స్టార్చ్ మీద ఈ దారిలోనే వెళ్లి కొమ్మ మీద కొమ్మ ఉందని చూపారు. పొదే గెలిచింది.

ఈ ప్రయోగం మీరు చేయాలనుకుంటే ఒక హెచ్చరిక. కొమ్మ బంధాలు కోసే ఎంజైముల్లో ఐసోఅమైలేజ్ ఒక్కటే వేస్తే సరిపోదు. రెండు గ్లూకోజుల మొండాన్ని అది సరిగా కోయలేదు. అదే పని చేసే మరో ఎంజైము పుల్యులనేజ్ కూడా కలపాలి. లేదంటే ఏ-గొలుసులు తక్కువగా కనిపించి, నిష్పత్తి తలకిందులవుతుంది.

పొద అని తేలినా, కొమ్మలు అణువంతటా సమంగా పరుచుకుని ఉన్నాయా, గుత్తులుగా ఉన్నాయా అన్న ప్రశ్న మిగిలింది. ఇక్కడ స్ఫటికశాస్త్రం సాయపడింది. స్టార్చ్ రేణువులో 9–10 నానోమీటర్లకు ఒకసారి పునరావృతమయ్యే పొరలు ఉంటాయి. ఒకటి స్ఫటిక పొర, ఒకటి అస్ఫటిక పొర. ఎక్స్-కిరణ చిత్రాలేమో పక్కపక్క గొలుసులు రెండు చొప్పున పెనవేసుకుని, ఎడమ వైపు తిరిగే జంట మెలికలుగా ఉన్నాయని చెబుతాయి. ఒక్కో పోగు ఒక చుట్టు తిరగడానికి ఆరు గ్లూకోజులు కావాలి, చుట్టు పొడవు సుమారు 2.1 నానోమీటర్లు. అంటే ఒక్కో గ్లూకోజుకు 0.35 నానోమీటర్లు. స్ఫటిక పొర మందం 5–6 నానోమీటర్లు అనుకుంటే అందులో 14–17 గ్లూకోజుల పొడవు గొలుసు పడుతుంది. కొమ్మలన్నీ కోసి గొలుసుల పొడవు కొలిస్తే ఎక్కువగా దొరికేవి కూడా 12–15 గ్లూకోజుల గొలుసులే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కొలతలు ఇలా ఒకే చోటికి రావడం వల్లే గుత్తుల నమూనా నిలబడింది. 1972లో ఫ్రెంచ్, 1974లో రాబిన్, ఆయన సహచరులు ప్రతిపాదించిన నమూనా అది. కొమ్మలు అస్ఫటిక పొరలో గుంపుగా ఉంటాయి, పొట్టి గొలుసులు అక్కడి నుంచి స్ఫటిక పొరలోకి చొచ్చుకెళ్లి మెలికలు వేసుకుంటాయి, పొడుగు బీ-గొలుసులు ఒక గుత్తి నుంచి ఇంకో గుత్తికి దాటుతాయి. 1986లో హిజుకురి గొలుసుల పొడవుల్లో అనేక శిఖరాలు చూపి, ఒక గుత్తిలో ఉండే గొలుసులు, రెండు గుత్తులు దాటేవి, మూడు దాటేవి అని విడదీశాడు.

ఇదే ఆఖరి మాట అనుకోకండి. బెర్టాఫ్ట్ ప్రతిపాదించిన వెన్నెముక నమూనాలో పొడుగు గొలుసులు గుత్తుల్ని దాటవు. అవి అస్ఫటిక పొర వెంబడి వెన్నెముకలా సాగుతాయి, పొట్టి గొలుసుల చిన్న చిన్న దిమ్మెలు వాటికి వేలాడతాయి. గొలుసుల పొడవు లెక్క రెండు నమూనాలకూ సరిపోతుంది. కాబట్టి గొలుసుల పొడవు గ్రాఫు ఒక్కటి చూపించి ‘గుత్తుల నిర్మాణం రుజువైంది’ అని రాసే పేపర్లను నేను కాస్త అనుమానంగానే చదువుతాను. గుత్తుల్ని వేరుచేయాలంటే గొలుసుల్ని నడుమ కోసే ఆల్ఫా-అమైలేజ్ ఎంజైముతో పాక్షికంగా కోసి, మధ్యలో ఆపి, వచ్చిన ముక్కల్ని విడిగా పరిశీలించాలి. అది ఓపిక కావాల్సిన పని.

ఇక మీ 27 శాతం సంగతి. అయోడిన్ నీలిరంగును 1814లోనే కోలిన్, గోల్టియే ద క్లోబ్రీ గమనించారు. ఒంటి గొలుసు ఆరేసి గ్లూకోజులతో చుట్టలు చుట్టుకుంటే లోపల సొరంగంలాంటి ఖాళీ వస్తుంది, అందులో అయోడిన్ అణువులు వరుసకట్టి కూర్చుంటాయి. గొలుసు 12 గ్లూకోజుల లోపైతే రంగే రాదు. 20–30 మధ్య ఎరుపు, 45 దాటితే నీలం. అమైలోజ్ గరిష్ఠంగా 620–640 నానోమీటర్ల దగ్గర శోషిస్తుంది, అమైలోపెక్టిన్ 530–550 దగ్గర. చూశారుగా, అయోడిన్‌కు కావాల్సింది గొలుసు పొడవు మాత్రమే. ఆ పొడుగు గొలుసు అమైలోజ్‌దా, అమైలోపెక్టిన్‌కు అతుక్కుని ఉన్నదా అన్నది దానికి అనవసరం. కొన్ని బియ్యపు రకాల అమైలోపెక్టిన్‌లో చాలా పొడవైన గొలుసులు ఉంటాయి. అవి అయోడిన్‌ను బాగా పట్టుకుంటాయని 1987లో టకెడా, హిజుకురి, జూలియానో చూపారు. మీ 27కూ 20కీ మధ్య తేడాకు మొదటి అనుమానితులు అవే. ఈ కారణంగానే అయోడిన్ అంకెను ‘పైకి కనిపించే అమైలోజ్’ అనే అర్థంలో రాస్తారు.

అంకెను కిందికి లాగే దోషం కూడా ఒకటుంది. కొవ్వు ఆమ్లాలు అదే సొరంగంలో ముందే కూర్చుని ఉంటే అయోడిన్‌కు చోటు దొరకదు. గోధుమ, మొక్కజొన్న, బియ్యం లాంటి ధాన్యాల స్టార్చ్‌లో ఇది తప్పదు. కొవ్వు తీయాలంటే సాక్స్‌లెట్ పరికరంలో (ద్రావకంతో మళ్లీ మళ్లీ కడిగేది) 85 శాతం మిథనాల్ లాంటి నీరు కలిసిన ఆల్కహాల్ వాడండి. హెక్సేన్ పనికిరాదు. రేణువును ఉబ్బించి మెలిక లోపలికి వెళ్లాలంటే నీరు ఉండాలి. హెక్సేన్ పైపై కొవ్వు కడిగి వచ్చేస్తుంది.

అయోడిన్ పరీక్ష మామూలుగా ఇలా సాగుతుంది. మెత్తగా పొడి చేసిన 100 మి.గ్రా. నమూనా 100 మి.లీ. ఫ్లాస్కులో వేసి, 1 మి.లీ. 95 శాతం ఇథనాల్‌తో తడపాలి. ఇది మానేస్తే క్షారం పడగానే పిండి ఉండకడుతుంది, లోపలి భాగం కరగదు. తర్వాత 9 మి.లీ. ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పోసి, మరిగే నీటిలో 10 నిమిషాలు ఉంచి, చల్లారాక 100 మి.లీ.కి నింపాలి. అందులోంచి 5 మి.లీ. తీసి ఇంకో ఫ్లాస్కులో కొంత నీరు, 1 మి.లీ. ఒక మోలార్ ఎసిటిక్ ఆమ్లం, ఆపై 2 మి.లీ. అయోడిన్ ద్రావణం (0.2 శాతం అయోడిన్, 2 శాతం పొటాషియం అయోడైడ్) వేసి 100 మి.లీ.కి నింపి, 20 నిమిషాల తర్వాత 620 నానోమీటర్ల దగ్గర శోషణ చూడాలి. ఆమ్లం మరిచిపోతే క్షారం అయోడిన్‌ను తినేసి రంగు వెలుస్తుంది. అయోడిన్ వేశాక ఒక ఫ్లాస్కు 10 నిమిషాలకు, ఇంకొకటి 40 నిమిషాలకు చదివితే తేడా వస్తుంది, అందరికీ ఒకే సమయం పాటించండి. గది వేడెక్కితే రంగు పలచబడుతుంది కాబట్టి ప్రామాణిక ద్రావణాలు నమూనాలతో పాటు అదే రోజు చేయాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు జరిగేది ప్రామాణిక రేఖ గీసేటప్పుడే. చాలామంది శుద్ధ బంగాళాదుంప అమైలోజ్‌ను మాత్రమే పలచన చేసుకుంటూ గీత గీస్తారు. అసలు నమూనాలో మిగతా 75 శాతం అమైలోపెక్టిన్ ఉంది, దానికీ 620 దగ్గర కొంత రంగు ఉంది. ప్రతి ప్రామాణిక ద్రావణంలోనూ అమైలోజ్, వాక్సీ స్టార్చ్ కలిపి మొత్తం బరువు ఒకేలా ఉంచాలి. అలా చేయకపోతే గీత బాగానే వస్తుంది, అంకెలే ఎక్కువగా వస్తాయి. అమైలోపెక్టిన్ రంగు అడ్డు తగ్గించడానికి 720 దగ్గర చదివే పద్ధతి కూడా ఉంది.

మీ 20 శాతం వచ్చిన కాంకనావలిన్-ఏ ఒక చిక్కుడు జాతి గింజ నుంచి తీసే ప్రోటీన్. అది గొలుసుల రెడ్యూస్ కాని కొనల్ని పట్టుకుంటుంది. అమైలోపెక్టిన్‌కు వేల కొనలు ఉంటాయి, పట్టుకున్న ప్రోటీన్లు అణువుల్ని వలలా ముడేసి కిందికి దించుతాయి. ఒకటి రెండు కొనలే ఉన్న అమైలోజ్ పైన తేటలో మిగులుతుంది. ఆ తేటను ఎంజైములతో గ్లూకోజుగా మార్చి కొలుస్తారు. ఇక్కడ పొడుగు గొలుసులున్నా అమైలోపెక్టిన్ అమైలోపెక్టిన్‌గానే దిగిపోతుంది, అందుకే అంకె తగ్గుతుంది. ఒక్కోసారి అతిగా కూడా తగ్గుతుంది. కొన్ని కొమ్మలున్న అమైలోజ్ అణువులు దానితో పాటే దిగొచ్చు. కరగని ఉండలు ఉంటే అవీ సెంట్రిఫ్యూజ్‌లో కిందికే పోతాయి, వాటిలోని అమైలోజ్ లెక్కలోంచి జారిపోతుంది. అందుకే స్టార్చ్‌ను కరిగించే డీఎంఎస్ఓ అనే ద్రావకంలో వేడిచేసి ద్రావణం పూర్తిగా తేటగా అయిందో లేదో వెలుతురుకు ఎదురుగా పట్టి చూసుకోవాలి. ప్రోటీన్ ద్రావణాన్ని గట్టిగా కుదిపితే నురగ వచ్చి చెడిపోతుంది. పదేపదే గడ్డకట్టించి కరిగించినా అంతే. పట్టుకునే శక్తి తగ్గిన ప్రోటీన్ కొంత అమైలోపెక్టిన్‌ను పైనే వదిలేస్తుంది, అప్పుడు అంకె పెరుగుతుంది. ప్రతిసారీ ఒక వాక్సీ స్టార్చ్ కూడా పక్కన నడపండి. దానిలో 5 శాతం పైన వస్తే ఆ రోజు ఫలితాలు పక్కన పడేయడమే.

మూడో అంకె కావాలంటే కొమ్మలన్నీ కోసి పొడవుల వారీగా వేరుచేయాలి. అసలు నిర్మాణం గురించి ఎక్కువ చెప్పేది ఈ పనే, చెడిపోయే చోట్లు కూడా ఇందులోనే ఎక్కువ.

మొదటి మెట్టు కరిగించడం. సుమారు 4 మి.గ్రా. స్టార్చ్‌ను 0.5 శాతం లిథియం బ్రోమైడ్ కలిపిన డీఎంఎస్ఓలో, మి.లీ.కి 2 మి.గ్రా. చొప్పున, 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా మెల్లగా కలియబెట్టాలి. లిథియం బ్రోమైడ్ హైడ్రోజన్ బంధాలను తెంచి, అణువులు గుమిగూడకుండా చూస్తుంది. డీఎంఎస్ఓ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి సీసా మూత తెరిచి వదిలేయకండి. నమూనాను పొడి చేసేటప్పుడు బాల్ మిల్లు లాంటి బలమైన యంత్రం వాడితే అమైలోపెక్టిన్ అణువులే తెగిపోతాయి. ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి కొద్దిసేపు మాత్రమే నూరడం మేలు. కరిగాక ఆరింతల ఇథనాల్ పోసి స్టార్చ్‌ను తిరిగి దించి, సెంట్రిఫ్యూజ్ చేసి, ద్రావకం వంపేయాలి.

రెండో మెట్టు కోత. దిగిన స్టార్చ్‌ను 0.9 మి.లీ. వేడి నీటిలో కలిపి మరిగే నీటి తొట్టెలో గంటసేపు ఉంచి, చల్లారాక 0.1 మి.లీ. ఎసిటేట్ బఫర్ (0.1 మోలార్, పీహెచ్ 3.5), సూక్ష్మజీవులు పట్టకుండా చుక్క సోడియం అజైడ్, కొన్ని మైక్రోలీటర్ల ఐసోఅమైలేజ్ వేసి 37 డిగ్రీల దగ్గర 3 గంటలు ఉంచాలి. అజైడ్ ఆమ్లంలో పడితే విషవాయువు వస్తుంది, ఫ్యూమ్ హుడ్ కిందే చేయండి. తర్వాత క్షారంతో పీహెచ్ 7కు తెచ్చి, వేడిచేసి ఎంజైమును ఆపాలి. అసలు ప్రమాదం ఈ దశలోనే ఉంది. కొమ్మలు పోయిన సూటి గొలుసులు చల్లని నీటిలో గంటల్లోనే జతకట్టి అడుగుకు చేరతాయి. పొడుగువి ముందు దిగుతాయి. ఆ ద్రావణాన్ని రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే తేట భాగాన్ని యంత్రంలో ఎక్కిస్తే అమైలోజ్ సగం మాయమై, గ్రాఫు మాత్రం అందంగా వస్తుంది. వెంటనే ఫ్రీజ్-డ్రై చేసి, మళ్లీ డీఎంఎస్ఓలోనే కరిగించాలి.

కోత పూర్తయిందా అన్నది ఊహించి వదిలేయకూడదు. భార హైడ్రోజన్ ఉన్న డీఎంఎస్ఓలో కాస్త ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం కలిపి ప్రోటాన్ ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ల సంకేతాలు చదివే పరీక్ష) తీస్తే ఆల్ఫా-1,4 బంధం 5.1 పీపీఎం దగ్గర, ఆల్ఫా-1,6 బంధం 4.75 దగ్గర కనిపిస్తాయి. ఆమ్లం వేసేది హైడ్రాక్సిల్ సంకేతాలు వీటి మీద పడకుండా పక్కకు జరపడానికే. కోతకు ముందు 4.75 దగ్గరి వైశాల్యాన్ని రెండు వైశాల్యాల మొత్తంతో భాగిస్తే కొమ్మల శాతం వస్తుంది. పల్సుల మధ్య కనీసం 10 సెకన్లు వదలకపోతే ఈ నిష్పత్తి నమ్మదగింది కాదు. కోత తర్వాత ఆ 4.75 శిఖరం మాయమవ్వాలి. ఇంకా మిగిలి ఉంటే ఎంజైము చచ్చిందనో, స్టార్చ్ సరిగా కరగలేదనో అర్థం.

మూడో మెట్టు వేరుచేయడం. దీనికి మూడు యంత్రాలున్నాయి, మూడూ మూడు రకాల గ్రాఫులిస్తాయి. కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్‌కు ముందు ప్రతి గొలుసు రెడ్యూసింగ్ కొనకు ఏపీటీఎస్ అనే మెరిసే రంగును చీకట్లో 60 డిగ్రీల దగ్గర 90 నిమిషాలుంచి తగిలిస్తారు. గొలుసు ఎంత పొడుగైనా దానికి ఒక్కటే రంగు అణువు. కాబట్టి వచ్చేది గొలుసుల సంఖ్య, 6 గ్లూకోజుల నుంచి దాదాపు 100 దాకా ఒక్కొక్కటిగా విడివిడి శిఖరాలు. అమైలోపెక్టిన్‌కు ఇదే నా మొదటి ఎంపిక. అయాన్ మార్పిడి క్రోమటోగ్రఫీ (హెచ్‌పీఏఈసీ) కూడా విడివిడి శిఖరాలు ఇస్తుంది, రంగు తగిలించే పని లేదు. కానీ దాని ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్ స్పందన గొలుసు పొడవును బట్టి మారుతుంది. సవరణ చేయకుండా శిఖరాల వైశాల్యాలను నేరుగా శాతాలుగా రాయడం బాగా కనిపించే తప్పు. సైజ్ ఎక్స్‌క్లూజన్ క్రోమటోగ్రఫీ (ఎస్ఈసీ) ఒక్కటే అమైలోజ్ గొలుసుల దాకా వెళ్లగలదు, కానీ శిఖరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పైగా వక్రీభవన డిటెక్టర్ చూసేది బరువును, సంఖ్యను కాదు.

సంఖ్యకూ బరువుకూ ఉన్న ఈ తేడా దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఒక మిశ్రమంలో 10 గ్లూకోజుల గొలుసులు 5, వెయ్యి గ్లూకోజుల గొలుసు 1 ఉన్నాయనుకోండి. సంఖ్య ప్రకారం పొట్టివి ఐదింతలు. బరువు ప్రకారం పొట్టివి 50, పొడుగుది 1000. ఎస్ఈసీ గ్రాఫులో గొలుసు పొడవు చూపే అక్షాన్ని లాగరిథమ్‌లో గీస్తారు కాబట్టి, సంఖ్యా వితరణను పొడవు వర్గంతో గుణిస్తేనే రెండూ పోల్చదగినవవుతాయి. సాధారణంగా ఆ గ్రాఫులో 100 గ్లూకోజుల లోపు వైశాల్యాన్ని అమైలోపెక్టిన్‌గా, ఆ పైదాన్ని అమైలోజ్‌గా తీసుకుంటారు. ఆ 100 అన్న గీత కూడా మనం గీసుకున్నదే. మీ నమూనాలో 100 దాటిన అమైలోపెక్టిన్ గొలుసులుంటే అవి మళ్లీ అమైలోజ్ ఖాతాలోనే పడతాయి.

గొలుసుల్ని 1996లో హనషిరో, సహచరులు చేసిన విభజన ప్రకారం 6–12, 13–24, 25–36, 37 పైన అని నాలుగు గుంపులుగా రాయడం వాడుక. పోల్చుకోవడానికి సౌకర్యంగా ఉంటుంది, అయితే 12కూ 13కూ మధ్య ప్రకృతిలో గోడేమీ లేదు. రెండు నమూనాల తేడా చూడాలంటే ఒకదాని శాతాల్లోంచి రెండోదాని శాతాలు తీసేసి గీసిన గ్రాఫే ఎక్కువ చెబుతుంది.

కొమ్మలు కోయకుండా మొత్తం అణువు పరిమాణం కొలవాలన్న కోరిక సహజమే. ఎస్ఈసీకి బహుకోణ కాంతి విక్షేపణ డిటెక్టర్ జోడిస్తే బరువు, వ్యాసార్థం వస్తాయి. అమైలోజ్‌కు బాగానే ఉంటుంది. అమైలోపెక్టిన్ అణువు మాత్రం ఎస్ఈసీ యంత్రపు స్తంభంలోని సన్నని దారుల్లో ప్రవాహం ఒరిపిడికే తెగిపోతుంది. వేగాన్ని నిమిషానికి 0.3 మి.లీ. దాకా తగ్గిస్తే నష్టం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎక్కించినదాంట్లో ఎంత బయటికొచ్చిందో చెప్పని అమైలోపెక్టిన్ అణుభారం అంకెకు విలువ లేదు.

రేణువు స్థాయి పరీక్షల్లో రెండు ముచ్చట్లు చెబితే చాలు. ఎక్స్-కిరణ వివర్తనంలో రాగి గొట్టం (తరంగదైర్ఘ్యం 0.154 నానోమీటర్లు) వాడితే ధాన్యాల ఏ-రకం స్ఫటికాలకు 15, 17, 18, 23 డిగ్రీల కోణాల దగ్గర శిఖరాలు, దుంపలు, అధిక అమైలోజ్ మొక్కజొన్నల బీ-రకానికి 5.6, 17, 22, 24 దగ్గర. కొవ్వుతో చుట్టుకున్న ఒంటి మెలికల వీ-రకానికి 7.5, 13, 20 దగ్గర. స్ఫటికపు మూల గదిలో (పునరావృతమయ్యే అతి చిన్న భాగంలో) ఏ, బీ రకాలు రెండింటికీ 12 గ్లూకోజులే, కానీ ఏ-రకంలో 4 నీటి అణువులు, బీ-రకంలో 36. అందుకే ఆరబెట్టిన బంగాళాదుంప స్టార్చ్‌కు శిఖరాలు చదునైపోతాయి. పోల్చే నమూనాలన్నిటినీ ముందుగా ఒకే తేమలో, సంతృప్త లవణ ద్రావణం పెట్టిన మూత డబ్బాలో కొన్ని రోజులు ఉంచాలి. 9 నానోమీటర్ల పొరల్ని చూపే చిన్నకోణ ఎక్స్-కిరణ పరీక్షనైతే పొడి మీద చేయనే కూడదు, నీటిలో కలిపి చేయాలి; నీరు లేకపోతే రెండు పొరల మధ్య సాంద్రత తేడా పోయి శిఖరమే రాదు. ఘన స్థితి కార్బన్-13 ఎన్ఎంఆర్ జంట మెలికలు ఎన్నున్నాయో చెబుతుంది. ఆ శాతం ఎక్స్-కిరణాలు చెప్పే స్ఫటికత కన్నా ఎక్కువగా వస్తుంది, తప్పనుకోవద్దు. మెలిక వేసుకున్నవన్నీ స్ఫటికంగా పేర్చుకోవాలని లేదు.

డీఎస్సీ (నమూనాను వేడిచేస్తూ అది పీల్చుకునే ఉష్ణాన్ని కొలిచే పరీక్ష) చేస్తే 3 మి.గ్రా. స్టార్చ్‌కు 9 మి.గ్రా. నీరు, మూత బిగించిన పాన్, రాత్రంతా నాననివ్వడం, నిమిషానికి 10 డిగ్రీల వేగం. ముందూ వెనకా పాన్ తూచండి. బరువు తగ్గితే నీరు కారినట్టు, ఆ ఫలితాన్ని వదిలేయండి. 55–75 డిగ్రీల మధ్య వచ్చే శిఖరం మెలికలు విడిపోవడం, 95–110 మధ్య వచ్చే చిన్నది అమైలోజ్–కొవ్వు జంట విడిపోవడం. ఈ రెండో శిఖరం మీకు ఇప్పుడే పనికొస్తుంది. కొవ్వు తీశాను అనుకున్న నమూనాలో అది ఇంకా కనిపిస్తుంటే మీ అయోడిన్ అంకె అసలుకన్నా తక్కువగానే ఉందన్నమాట.

కాబట్టి మీ నమూనాకు ఈ వరుసలో చేయండి. కొవ్వు తీసిన, తీయని రెండు రూపాలకూ అయోడిన్ పరీక్ష, మిశ్రమ ప్రామాణికాలతో. పక్కన వాక్సీ స్టార్చ్ నడుపుతూ కాంకనావలిన్ మళ్లీ ఒకసారి. ఆపైన కొమ్మలు కోసి ఎస్ఈసీ. ఎస్ఈసీ అంకె 20కి దగ్గరగా వచ్చి, 37 పైబడిన గొలుసుల దగ్గర గ్రాఫు ఉబ్బెత్తుగా ఉంటే తేడా అమైలోపెక్టిన్ పొడుగు గొలుసులదే. 27కి దగ్గరగా వస్తే రెండు అవకాశాలు. ఉబ్బు 100 గీత దగ్గరే ఉంటే ఆ పొడుగు గొలుసులే గీత దాటి అమైలోజ్ లెక్కలో పడి ఉండొచ్చు. ఉబ్బేమీ లేకుండా 100 పైన విడిగా ఒక శిఖరం ఉంటే కాంకనావలిన్ రోజున నమూనా పూర్తిగా కరగలేదని అనుమానించాలి. అంకెలు రాసేటప్పుడు పద్ధతి, తరంగదైర్ఘ్యం, కొవ్వు తీశారా లేదా, శాతం లెక్కించింది పొడి పిండి మీదా, మొత్తం స్టార్చ్ మీదా అన్నవి పక్కనే ఉండాలి. ఈ చివరిది ఒక్కటే చాలు, బియ్యప్పిండిలో రెండు మూడు శాతం తేడా తేవడానికి.